లోలాకుల పిట్ట కొండ

ఒళ్లంతా పొగచూరిన గోడ రంగు. కంటి చుట్టూ మాత్రం ముదురు నారింజ రంగు చర్మం. దాని కింద లోలాకులా వేలాడుతూ చిన్న తోలుముక్క! ఇలాంటి పిట్ట ఒకటుందని 2005 చివరిదాకా శాస్త్ర ప్రపంచానికి తెలియనే తెలియదు.

దాని చిరునామా ఫోజా కొండలు. ఇండోనేషియాలోని పపువా రాష్ట్రంలో, న్యూగినీ దీవికి ఉత్తరాన ఉన్నాయవి. అక్కడ రోడ్డు లేదు, ఊరు లేదు. మూడు లక్షల హెక్టార్లకు పైగా గొడ్డలి వేటు ఎరగని అడవి. ఆ ఏడాది కన్జర్వేషన్ ఇంటర్నేషనల్ సంస్థ, ఇండోనేషియా శాస్త్రవేత్తలు కలిసి అక్కడికి వెళ్లాలనుకుంటే కొండ మీది చిత్తడినేలలో హెలికాప్టర్ దించాల్సి వచ్చింది. ఆ అడవి మీద తరతరాలుగా హక్కున్న క్వెర్బా, పపసేనా తెగల పెద్దలూ వెంట వెళ్లారు. తమకు తెలిసి తమవాళ్లెవరూ అంతదూరం రాలేదని వాళ్లే ఆశ్చర్యపోయారట!

మనిషే తెలియని చోట మనిషంటే భయం మాత్రం ఎందుకుంటుంది? ఒంటి నిండా ముళ్లుండే ఎకిడ్నాలను చేత్తో ఎత్తుకున్నా కిమ్మనలేదు.

బృందానికి నాయకుడు అమెరికా పక్షి శాస్త్రవేత్త బ్రూస్ బీలర్. కొత్త పిట్టకు ఆయన భార్య కెరోల్ పేరు కలిసేలా 2007లో ‘మెలిపోటిస్ కెరోలె’ అని నామకరణం చేశారు. ఇది హనీఈటర్ల కుటుంబానికి చెందింది. అంటే తేనె తాగే పక్షులన్నమాట. అలాగని మన పెరట్లో మందారాల మీద వాలే తేనెపిట్టకు ఇది దగ్గరి చుట్టమేం కాదు. పేరులో తేనె ఉన్నా, దీనికీ దీని దగ్గరి బంధువులకూ ఆహారం ఎక్కువగా పండ్లూ పురుగులే.

ఈ పిట్ట ఫోజా కొండల పైభాగంలోని చల్లని అడవిలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. చుట్టూ ఉన్నది వెచ్చని పల్లపు అడవి. అది దీనికి సరిపడదు. న్యూగినీలోనే మరో రెండు కొండల మీద, వేడి పెరిగేకొద్దీ పక్షులు పైపైకి జరుగుతున్నాయని 2014లో పరిశోధకులు తేల్చారు. ఫోజాలో ఎత్తయిన శిఖరం 2,200 మీటర్ల లోపే. ఈ పిట్టా అలా జరగాల్సి వస్తే, ఆపైన ఇక కొండ ఉండదు.

ఇన్నాళ్లూ ఈ అడవిని కాపాడింది దారి లేకపోవడమే. గొడ్డలి రావాలంటే దారి కావాలి. వేడి రావడానికి దారితో పనేముంది?