మంచు తోసే పలక, మా కళ్ళంలో

మాకు మంచు అంటే ధనుర్మాసంలో ముగ్గు వేస్తుంటే చీర కుచ్చెళ్ళు తడిపేది. మిషిగన్‌లో ఉన్న మా చెల్లెలికి మంచు అంటే గుమ్మం దాటనివ్వనిది. కిందటేడు సంక్రాంతికి వీడియో కాల్ చేసి, "అప్పా, మా పక్కింటాయన్ని చూడవే" అని ఫోను కిటికీ వైపు తిప్పింది. ఓ పెద్దాయన చిన్న ట్రాక్టరుకి చెక్కలతో చేసుకున్న పెట్టెలాంటిది తగిలించి, వాకిట్లో మంచునంతా ఓ మూలకి తోసేస్తున్నాడు. స్నో పుషర్ అంటారట. కొనాలంటే బోలెడు డబ్బని ఇంట్లోనే చేసుకున్నాడట. తోసిన మంచు పక్కలకి జారిపోకుండా ఆ పలకకి రెండు వైపులా చెక్కలు నిలబెట్టాడు. అది చూడగానే నాకు మంచు కాదు, మా మొక్కజొన్న గింజలు గుర్తొచ్చాయి.

దానికో కారణం ఉంది. మా అత్తగారి ఊరు గజపతినగరం వైపు. అక్కడ వేసవి వచ్చిందంటే తారు రోడ్డు సగం గింజలతో పచ్చగా ఉంటుంది. మద్దతు ధర రావాలంటే తేమ 14 శాతం దాటకూడదు, కోసినప్పుడేమో ఇరవై పైనే ఉంటుంది. అందరితో పాటు మేమూ రోడ్డు మీదే ఆరబోసేవాళ్ళం. అంతకు ముందు ఏడాది ఓ రాత్రి పక్క ఊరి గుంటడు బండి మీద వస్తూ మా గింజల మీద జారి పడ్డాడు. చెయ్యి విరిగింది. ఆసుపత్రి ఖర్చులు మావారే పెట్టుకున్నారు. కానీ ఆ పిల్లాడి తల్లి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనలేదు సరికదా, "గింజలు ఎత్తీసారా అమ్మా? మబ్బు పట్టింది" అంది. తిట్టినా బాగుండేది.

ఇక రోడ్డు మీద పోయొద్దని నేను పట్టుబట్టాను. మా సిమెంటు కళ్ళం ఉంది, కానీ చిన్నది. గింజలు ఒత్తుగా పోయాలి, రోజూ నాలుగైదు సార్లు తిరగెయ్యాలి, మబ్బు కనబడితే నిమిషాల్లో కుప్ప చెయ్యాలి. చెక్క పలకకి తాడు కట్టి ఇద్దరు లాగుతారు, వెనక ఒకరు వంగి నొక్కుతారు. ఎనిమిది మంది ఆడవాళ్ళకి గంట పని. వాన గంట ఆగదు కదా.

"అక్కడ మంచు, ఇక్కడ జొన్న. రెంటికీ పోలికేటే?" అన్నారు మావారు. అయినా పాత ఆయిల్ డ్రమ్ములు రెండు నిలువునా కోయించి, ఆరడుగుల వెడల్పున పలక చేయించారు. మొదటి రోజే రేకు లోపలికి సొట్టపోయింది, ట్రాక్టరు చక్రాలు గిర్రున తిరిగాయి గానీ బండి కదల్లేదు. ఆయన మాటే నిజం. అప్పుడే పడ్డ మంచు ఘనపు మీటరు నూరు కేజీలు ఉంటే ఎక్కువ. మొక్కజొన్న గింజలు ఏడు వందల కేజీల పైమాట. మాది ఇరవై గుర్రాలు కూడా లేని మినీ ట్రాక్టరు.

రెండోసారి నాలుగున్నర అడుగులకే ఆపారు. పాత కల్టివేటరుకి కొర్రులు విప్పేసి, ఆ ఫ్రేముకే మందపాటి రేకు, రెండు పక్కలా అడుగున్నర రెక్కలు వెల్డింగ్ చేయించారు. ఫ్రేముకి ట్రాక్టరు పిన్నులు ముందే ఉన్నాయి కాబట్టి ఆ ఖర్చు మిగిలింది. ఇనుము నేలకి తగిలితే గింజ చితుకుతుంది, సిమెంటు లేస్తుంది. అందుకని పాత సామాన్ల కొట్లో దొరికిన కన్వేయర్ బెల్టు ముక్కని అడుగున రెండు వేళ్ళు కిందికి వచ్చేలా బోల్టులు బిగించారు. ఆ రబ్బరు సలహా మిషిగన్ పెద్దాయనదే, చెల్లెలు అడిగి చెప్పింది.

పలక వెనక ఉంటుంది కాబట్టి బండిని వెనక్కి నడుపుతూ తొయ్యాలి. ముందుకి లాగితే చక్రాలే గింజల్ని తొక్కేస్తాయి. మెడ తిప్పి తిప్పి మావారికి రాత్రి జండూబామ్ రాయాల్సి వచ్చేది. నా భయం వేరు. వెనక్కి వచ్చే బండి, పరుగులు తీసే పిల్లలు. ఇంజిను ఆగేదాకా ఎవరూ అరుగు దిగకూడదని చెప్పి, ఎర్ర తువ్వాలు పట్టుకుని నేనే కళ్ళం మూల నిలబడేదాన్ని. మా అత్తగారు "రైలు గార్డులా ఉన్నావు" అని నవ్వేవారు.

ఏప్రిల్ ఆఖర్లో ఓ మధ్యాహ్నం పడమట నల్లగా కమ్మేసింది. పావుగంటలో గింజలన్నీ నడిమధ్య కుప్పయ్యాయి. మూలల్లో మిగిలినవి చీపుర్లతో ఊడ్చి, టార్పాలిన్ కప్పి రాళ్ళు పెట్టేసరికి పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. తడిసింది మేమే. నేను గట్టిగా నవ్వుతున్నాను.

ఎప్పుడూ తాడు లాగే అప్ప ఒకావిడ గోనె సంచి తలమీద వేసుకుని అరుగు మీద కూర్చుంది. మా ఇంట్లో ఇరవై ఏళ్ళుగా పని చేస్తోంది. ఆ పలకనే చూస్తూ, "మంచి పనే సేసినావమ్మా. నడుం బతికింది. మరి రేపట్నుంచి ఎంతమందిని పిలుత్తావు?" అంది.

నా నవ్వు ఆగిపోయింది. మావారి వైపు చూశాను, ఆయన ట్రాక్టరు తుడుస్తున్నారు.

ఈ ఏడాది నలుగురినే పిలిచాం, సంచులకెత్తడానికీ కుట్టడానికీ. కూలి కొంచెం పెంచాం. ఆ అప్ప వస్తోంది. మిగతా నలుగురిలో ఇద్దరు ఉపాధి పనికి వెళ్తున్నారు, ఒకావిడ విశాఖలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. ఇంకొకావిడ దారిలో కనబడితే పలకరిస్తుంది గానీ నిలబడదు.

రబ్బరు అరిగిపోయింది, మార్చాలి. వీధి చివర వాళ్ళు పలక అరువడిగారు. "రోడ్డు మీద పోయనంటేనే" అన్నాను. "సూద్దాం వదినా" అన్నాడాయన. నిన్న సాయంత్రం వరకు వాళ్ళ గింజలు రోడ్డు మీదే ఉన్నాయి.