బలం బిళ్ళలో ఉందా బాసూ?

తెర మీద హీరో చొక్కా విప్పాడంటే హాల్లో ఈలలు, కాగితాలు! మంచిదే, టిక్కెట్టు కొన్నందుకు ఆ మాత్రం సరదా ఉండాలి. కానీ మర్నాడు పొద్దున్నే మన కుర్రాళ్ళు మందుల షాపు మెట్లెక్కి, "బలానికి ఏదన్నా ఇవ్వండి" అంటారు చూడండీ, అదే నాకు నచ్చదు. కూరగాయల కొట్లో ఎవరమైనా అలా "ఏదన్నా ఇవ్వండి" అంటామా? వంకాయ పుచ్చుందేమోనని తిరగేసి మరీ చూస్తాం కదా!

సినిమా కబుర్లు రాసుకునేవాడికి విటమిన్ల గోలెందుకు అంటారా? చెప్తాను.

కృష్ణానగర్ గదుల చుట్టూ తిరగడం నా వృత్తిలో భాగం. వేషాల కోసం వచ్చిన కుర్రాళ్ళ గదుల్లో గోడకో అద్దం, తీగ మీద ఇస్త్రీ చేసిన ఒకే ఒక్క మంచి జత, కిటికీలో రంగురంగుల బిళ్ళల డబ్బాలు తప్పకుండా ఉంటాయి. అన్నం గిన్నె మాత్రం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. టీ, సమోసాతో పూట గడిపేసి, పైన ఒక మల్టీవిటమిన్ వేసుకుంటే లెక్క సరిపోయిందనుకునే మహానుభావులు బోలెడుమంది.

వాళ్ళలో గోదావరి జిల్లా కుర్రాడొకడు నన్ను "అన్నా" అంటాడు. చిన్న చిన్న వేషాలు. ఆమధ్య ఒళ్ళు నొప్పులంటే, గదిలోనే ఉండే మరో కుర్రాడు తను వాడే విటమిన్-డి పొడి పొట్లం చూపించాడట. 60,000 యూనిట్లది. డాక్టరు అతనికి రాసిచ్చింది వారానికొకటి. మనవాడు చీటీ చూడలేదు, పొట్లానికి ఫోన్లో ఫొటో తీసుకుని షాపుకెళ్ళాడు. ఎవరికి, ఎందుకు, ఎన్నాళ్ళు అని షాపువాడు అడిగితే ఒట్టు! ఇక చూస్కోండి, రోజుకో పొట్లం పాలల్లో కలుపుకుని, రెండు నెలలు తాగాడు.

మొదట ఆకలి పోయింది. తర్వాత వాంతులు. దాహమో దాహం, రాత్రంతా బాత్‌రూమ్‌కి తిరగడం. "షుగరేమో అన్నా" అని భయంభయంగా ఫోన్ చేశాడు. చివరికి షూటింగ్‌లో రెండే రెండు ముక్కల డైలాగు గుర్తుపెట్టుకోలేక తెల్లమొహం వేస్తే, ఆ సాయంత్రం నేనే ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. రక్తంలో కాల్షియం బాగా పెరిగిపోయి ఉంది. కిడ్నీల మీద దెబ్బ పడటం మొదలైంది.

డాక్టరుగారు అడిగారు: "ఏం మందులు వాడుతున్నావు?"

"ఏం లేవు సార్."

అబద్ధం కాదండీ! అతని దృష్టిలో విటమిన్ మందే కాదు మరి. కిటికీలో పొట్లాలు నా కళ్ళల్లో మెదిలి నేను చెప్పాను గనక సరిపోయింది. లేకపోతే ఆ కారణం కోసం ఎన్ని పరీక్షలు చేయించేవారో!

ఇప్పుడు లెక్క చూడండి. మన దేశంలో పెద్దవాళ్ళకి రోజుకి 600 యూనిట్లు చాలన్నది 2020 నాటి ఐ.సి.ఎం.ఆర్. సిఫారసు. అంటే ఒక్క పొట్లం 100 రోజుల సరుకు. మనవాడు 60 పొట్లాలు, 36 లక్షల యూనిట్లు, 16 ఏళ్ళకు పైగా సరిపడేంత, రెండు నెలల్లో లాగించాడు! పైగా వాడు పొద్దుటినుంచీ ఔట్‌డోర్ ఎండలో నిలబడే మనిషి. ఎండ వల్ల తయారయ్యే డి-విటమిన్ ఎప్పుడూ విషం కాదు, ఎక్కువైతే చర్మమే దాన్ని ఆపేస్తుంది. నోట్లో పోసుకున్నదానికి ఆ కాపలా లేదు.

ఎ, డి, ఇ, కె... ఈ నాలుగూ కొవ్వులో కరిగేవి. ఒంట్లో నిలవ ఉండిపోతాయి. అందుకే మందు మానేసినా మనవాడి కాల్షియం దారికి రావడానికి నెలలు పట్టింది. బి, సి నీళ్ళలో కరిగేవి, మిగులు చాలావరకు మూత్రంలో పోతుంది. బి-కాంప్లెక్స్ వేసుకుంటే మూత్రం పచ్చగా రావడం ఇందుకే. అలాగని అవి అమాయకాలూ కావు. బి-6 పెద్ద మోతాదులో నెలల తరబడి మింగితే కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కి నరాలు పాడవుతాయి. సి-విటమిన్ అతిగా వేసుకుంటే కొందరికి కిడ్నీలో రాళ్ళు.

ఫిన్‌లాండ్ సంగతి వినండి. పొగ తాగే మగవాళ్ళు 29,000 మందికి పైగా పాల్గొన్న పరీక్ష. ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందేమోనని కొందరికి బీటా కెరోటిన్ బిళ్ళలిచ్చారు. 1994లో ఫలితం వచ్చింది. ఆ బిళ్ళ మింగినవాళ్ళలో క్యాన్సర్ 18 శాతం ఎక్కువ! క్యారెట్‌లో ఉండేదే కదా అనుకుంటే కుదరదన్నమాట.

అయితే బిళ్ళలన్నీ బూటకమా? అలా అంటే మన యల్లాప్రగడ సుబ్బారావుగారు నన్ను క్షమించరు! 1895లో భీమవరంలో పుట్టి, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్ తయారుచేసిన బృందానికి పెద్ద ఆయన. పెళ్ళయి బిడ్డను కోరుకునే అమ్మాయి ముందునుంచే ఆ చిన్న బిళ్ళ వేసుకుంటే, పుట్టే బిడ్డకి వెన్నుపాము లోపాల బెడద బాగా తగ్గుతుంది. మాంసం ముట్టని వాళ్ళకి బి-12 తక్కువైతే అదీ బిళ్ళగానో ఇంజెక్షన్‌గానో వేసుకోవలసిందే. 2019-21 జాతీయ సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. వాళ్ళలో ఎందరికో ఐరన్ బిళ్ళ ప్రాణాధారం. కాకపోతే దాన్ని టీతోనో పాలతోనో మింగితే సగం వృథా, నిమ్మరసంతో మింగితే మేలు. మలం నల్లబడితే బెదిరిపోకండి. ఇంట్లో పసిపిల్లలుంటే మాత్రం చాక్లెట్‌లా మెరిసే ఆ బిళ్ళల్ని తాళం వేసి దాచండి. గుప్పెడు మింగితే పిల్లల ప్రాణం పోతుంది.

హీరోయిన్ జుట్టు కోసం కలలుగనే చెల్లాయిలకో మాట. జుట్టు బిళ్ళల్లో ఉండే బయోటిన్ రక్తపరీక్షల్ని తికమక పెడుతుంది. థైరాయిడ్ లేకుండానే ఉన్నట్టు, గుండెపోటు వచ్చినా రానట్టు రిపోర్టు రావొచ్చు. 2017లో అమెరికా ప్రభుత్వ మందుల శాఖ ఈ హెచ్చరికే చేసింది. రక్తం ఇచ్చేముందు ఆ బిళ్ళ పేరు చెప్పండి.

మా గోదావరి కుర్రాడు మళ్ళీ షూటింగులకి వెళ్తున్నాడు. కిటికీ ఖాళీ అయింది. మొన్న వెళ్తే, "అన్నా, జిమ్ములో ప్రొటీన్ పౌడర్ తాగమంటున్నారు..." అని నసిగాడు. డబ్బా ఏదీ, ముందు వెనక లేబుల్ చదువుదాం అన్నాను. ఆ డబ్బా కథ మరో వారం!