హద్దు తేలని సరస్సు

కాన్‌స్టన్స్ సరస్సుకు మూడు ఒడ్డులు: జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియా. అందులో ఏ దేశం నీళ్లు ఎక్కడితో ఆగుతాయో మాత్రం ఇంతవరకూ తేలలేదు. పడమటి కొసన ఉన్న చిన్న భాగానికీ, కాన్‌స్టన్స్ ఊరి ముందున్న కాస్త నీటికీ ఒప్పందాలున్నాయి. పెద్ద సరస్సుకు లేవు. హద్దు నడిమధ్యన ఉందని స్విస్ వాళ్లంటారు. నీళ్లు ముగ్గురివీ అని ఆస్ట్రియా వాదన. జర్మనీ ఎటూ తేల్చి చెప్పదు. 63 కిలోమీటర్ల పొడవు, 536 చదరపు కిలోమీటర్ల వైశాల్యం ఉన్న సరస్సు మీద ఈ తగవు అలా నానుతూనే ఉంది. పడవలు మాత్రం మూడు దేశాల రేవుల మధ్యా తిరుగుతూనే ఉన్నాయి.

హైస్కూలు, ఇంటర్ చదివే పిల్లలతో యూరప్ అనుకోగానే ఇంట్లో ముందు ఒక జాబితా తయారవుతుంది. పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, స్విస్, వెనిస్, రోమ్. పది రోజుల్లో నాలుగు దేశాలు. ప్యాకేజీ టూర్ల వాళ్లు అమ్మేదీ అదే. పెద్దవాళ్లకు ఫొటోలు మిగులుతాయి, పిల్లలకు బస్సు సీటూ వైఫై పాస్‌వర్డులూ గుర్తుంటాయి. తెల్లవారుజామున ఐదింటికి లేపితే మ్యూజియం చూసి మురిసిపోయే వయసు కాదది. నన్నడిగితే, సామాను ఒక్కచోట దింపి, ఈ సరస్సు చుట్టూనే దేశాలు తిరగడం మేలు.

మకాంకు నా ఓటు కాన్‌స్టన్స్‌కే. జర్మనీలోని ఈ ఊరికి స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ విమానాశ్రయం నుంచి నేరుగా రైలుంది, గంట పైచిలుకు ప్రయాణం. 1414 నుంచి 1418 దాకా ఇక్కడ పెద్ద క్రైస్తవ మతసభ జరిగింది. అసలు పోప్‌ను నేనంటే నేనని ముగ్గురు పోట్లాడుకుంటున్న రోజులవి. ఆ ముగ్గురినీ పక్కకు తప్పించి కొత్త పోప్‌ను ఎన్నుకున్నది ఈ సభే. చెక్ మతసంస్కర్త యాన్ హుస్‌ను 1415లో సజీవంగా కాల్చిందీ ఈ సభ తీర్పుతోనే. ఆ సభను వెక్కిరిస్తూ రేవులో ఇప్పుడు ఇంపీరియా అనే వేశ్య విగ్రహం 9 మీటర్ల ఎత్తున మెల్లగా గుండ్రంగా తిరుగుతుంటుంది. ఆమె రెండు అరచేతుల్లో ఇద్దరు నగ్న మరుగుజ్జులు, ఒకడి నెత్తిన రాజు కిరీటం, ఇంకొకడి నెత్తిన పోప్ కిరీటం. శిల్పి పీటర్ లెంక్ 1993లో దీన్ని నిలబెట్టినప్పుడు ఊళ్లో గొడవ గొడవ అయింది. పిల్లల పక్కన నిలబడి దీన్ని చూడటం కాస్త ఇబ్బందే. కానీ ఆ ఊరి చరిత్రను వాళ్లు అడిగి మరీ చెప్పించుకునేది ఇక్కడే.

ఊరి దక్షిణపు వీధులు నడుస్తూ నడుస్తూ స్విట్జర్లాండ్‌లోని క్రాయ్‌ట్స్‌లింగెన్ అయిపోతాయి. ఒడ్డు దగ్గర ఒకప్పుడున్న కంచెను తీసేసి, 2007లో ఆ గీత వెంట టారో పేకముక్కల బొమ్మల్ని 22 శిల్పాలుగా పెట్టారు. కరోనా వచ్చిన 2020 వసంతంలో అక్కడే మళ్లీ కంచె లేచింది. అటొకరు ఇటొకరుగా ఉన్న జంటలు కంచె మీదుగా చేతులు పట్టుకుంటున్నారని, కాస్త ఎడంగా రెండో వరస కూడా వేశారు. ఇప్పుడు రెండూ లేవు. జేబులో పాస్‌పోర్టు పెట్టి, పదహారేళ్ల వాళ్లను ఒక సాయంత్రం ఒంటరిగా అటు పంపి చూడండి, అమ్మానాన్న వెనకాల లేకుండా ఇంకో దేశంలో ఐస్‌క్రీం తిని రమ్మనండి. ఫోన్‌లో డేటా మాత్రం ఆపించాలి. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు, జర్మనీ కోసం కొన్న సిమ్ పథకం అక్కడ చెల్లకపోవచ్చు. డబ్బూ వేరే, ఫ్రాంకులు. చార్జరు ప్లగ్గూ వేరే, అయితే సన్నటి రెండు పిన్నులది రెండు చోట్లా పడుతుంది.

శనివారం రాకపోకలు అటు నుంచి ఇటు తిరగబడతాయి. జర్మనీలో ధరలు తక్కువ కనుక స్విస్ వాళ్లు సంచులతో కాన్‌స్టన్స్ దుకాణాల మీద పడతారు. 50 యూరోలు దాటిన బిల్లు మీద జర్మన్ పన్ను వెనక్కి తెచ్చుకోవడానికి కస్టమ్స్ ముద్ర కోసం వరసలో నిలబడతారు. ఆదివారం దుకాణాలు మూత. శనివారమే పాలూ బ్రెడ్డూ తెచ్చిపెట్టుకోవాలి.

రెండో ప్రపంచయుద్ధకాలపు కథ కూడా పిల్లలకు పడుతుంది. జర్మన్ ఊళ్లన్నీ రాత్రిళ్లు దీపాలార్పుకుంటుంటే, కాన్‌స్టన్స్ మాత్రం వెలిగించి ఉంచిందట. పైనున్న బాంబర్లు అదీ స్విట్జర్లాండేననుకుని వదిలేశాయని చెప్పుకుంటారు. పాత ఊరు చెక్కుచెదరకుండా మిగిలిన మాట నిజం. అదే సరస్సు మీద ఎదుటి ఒడ్డున ఉన్న ఫ్రీడ్రిష్‌హాఫెన్‌కు అంత అదృష్టం లేదు. జెప్పెలిన్, డోర్నియర్, మేబాక్ కర్మాగారాలున్న ఊరది. 1944 దాడుల్లో పాత ఊరు దాదాపు మొత్తం పోయింది. నాజీ నిర్బంధ శిబిరాల నుంచి తెచ్చిన ఖైదీలతో ఆ కర్మాగారాల్లో వెట్టిచాకిరీ చేయించారు.

కాన్‌స్టన్స్‌లోనే పుట్టిన కౌంట్ జెప్పెలిన్ తొలి గాలిఓడ 1900 జులై 2న ఫ్రీడ్రిష్‌హాఫెన్ దగ్గర ఈ నీళ్ల మీది నుంచే లేచింది. పాత రేవు రైల్వేస్టేషన్‌లో ఇప్పుడు జెప్పెలిన్ మ్యూజియం ఉంది. హిండెన్‌బర్గ్ అనే గాలిఓడలో 33 మీటర్ల ముక్కను అసలు కొలతలతోనే మళ్లీ కట్టి పెట్టారు, మెట్లెక్కి లోపలికి వెళ్లొచ్చు. రైలు బెర్తుల్లాంటి పడక గదులు, గాలిలో ఎగిరే హోటల్‌కు తగ్గ హాలు. 245 మీటర్ల అసలు ఓడ 1937 మే 6న అమెరికాలో దిగబోతూ తగలబడి 36 మందిని బలిగొంది. హీలియం బదులు హైడ్రోజన్ ఎందుకు నింపారన్న ప్రశ్నకు జవాబు ఫిజిక్స్‌లో సగం, రాజకీయాల్లో సగం ఉంది. హీలియం నిల్వలన్నీ అమెరికా చేతిలో ఉన్నాయి, వాళ్లు అమ్మలేదు. కొత్తరకం జెప్పెలిన్‌లో ఎక్కించి సరస్సు మీద తిప్పడం ఈనాటికీ ఉంది కానీ, టికెట్ వందల యూరోలు.

మిగతావి త్వరగానే అవుతాయి. లిండావ్ అందమైన దీవి, 1951 నుంచి నోబెల్ శాస్త్రవేత్తలు కుర్ర పరిశోధకులను ఏటా కలుసుకునే చోటు. ఆస్ట్రియా ఊరు బ్రెగెంజ్‌లో 1,064 మీటర్ల ప్ఫెండర్ కొండకు తీగబండి ఉంది. నీళ్ల మీద వేసిన అక్కడి ఒపెరా వేదికను 2008 నాటి జేమ్స్ బాండ్ సినిమాలో చూసే ఉంటారు. స్విస్ వైపు రైన్ జలపాతం 150 మీటర్ల వెడల్పు, మంచు కరిగే జూన్, జులైల్లో దాని జోరు చూడాలి. ఆ దగ్గర్లోనే బ్యూసింగెన్ అనే జర్మన్ ఊరుంది. చుట్టూ స్విట్జర్లాండే, వాళ్ల ఫుట్‌బాల్ జట్టు ఆడేదీ స్విస్ లీగ్‌లోనే. గుడ్డు తినే శాకాహారులకు చీజ్ కలిపిన ష్పెట్స్‌లె నూడుల్స్ ఉన్నాయి, రెండు పూటలు తినగానే మొహం మొత్తుతుంది. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుని బియ్యం, పచ్చడి దగ్గరుంచుకోండి.

వీసా ఒక్కటే, షెంగెన్. మూడు దేశాలకూ, పక్కనున్న లీక్టెన్‌స్టైన్‌కూ అదే చెల్లుతుంది. ఎక్కడ ఎక్కువ రాత్రులుంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. మకాం కాన్‌స్టన్స్ అయితే, విమానం జ్యూరిక్‌లో దిగినా దరఖాస్తు జర్మనీకే. పన్నెండు నిండిన పిల్లలకు పెద్దల రుసుమే, 90 యూరోలు. బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు పెట్టొచ్చు, ఫిబ్రవరిలో మేల్కొంటే హైదరాబాద్‌లో స్లాట్ కోసం కిందామీదా పడాలి.

చిక్కల్లా క్యాలెండర్‌తోనే. మన బళ్ల ఎండాకాలం సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారానికి అయిపోతాయి, అక్కడ అది వసంతం. మే నెలలో రాత్రి తొమ్మిదింటిదాకా వెలుగుంటుంది, మైనావ్ దీవి పూలతో నిండి ఉంటుంది, గదులు తేలిగ్గా దొరుకుతాయి. కానీ నీళ్లు ఈతకు ఇంకా చల్లన, బ్రెగెంజ్ ఒపెరా జులై మూడో వారానికి గానీ మొదలవదు. ఒపెరా, ఈత రెండూ కావాలంటే జులై చివర దాకా ఆగాలి. ఆ వీలు అమెరికాలో చదివే మన పిల్లలకు ఉంటుంది గానీ, హైదరాబాద్, విజయవాడల్లో బడికి వెళ్లేవాళ్లకు ఉండదు. పైగా అప్పటికి జర్మన్ బళ్లకూ సెలవులిచ్చేస్తారు, గదుల అద్దెలు చుక్కలంటుతాయి. మన బళ్లు తెరిచే ముందు దొరికే జూన్ మొదటి వారం చూసుకుని టికెట్లు కొనడం నయం.