పక్షి కాలి కడియం



హైదరాబాదుకు వాయవ్యాన, సంగారెడ్డి జిల్లాలో తెల్లాపూర్ అనే ఊరు ఉన్నది. ఒకప్పుడు పొలాలూ, బండరాళ్లూ ఉన్న చోట ఇప్పుడు ఆకాశాన్నంటే మేడలు లేచాయి. హైటెక్ సిటీలో పనిచేసేవారెందరో ఇక్కడ కాపురం ఉంటున్నారు. అయినా మేడల నడుమ చెరువులు ఇంకా ఉన్నవి. పక్కనే ఉస్మాన్‌నగర్ చెరువు, ఉత్తరాన కొంతదూరంలో అమీన్‌పూర్ పెద్దచెరువు ఉన్నవి. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు.

చలికాలంలో ఒకనాటి ఉదయాన మీ అమ్మానాన్నలతో ఆ గట్టుకు వెళ్లండి. వేసవిలో కనిపించని బాతులు అప్పుడు నీటిమీద తేలుతూ ఉంటాయి. ఇవి ఎక్కడినుంచి వచ్చాయి? నిరుడు వచ్చినవేనా, వేరేవా? పక్షిని అడిగితే చెప్పదు గదా!

డెన్మార్కు దేశంలో మోర్టెన్సెన్ అనే ఉపాధ్యాయుడు దీనికొక ఉపాయం కనిపెట్టాడు. బడిలో హాజరుపట్టీ ఉంటుంది. ప్రతి పిల్లవాడికీ ఒక అంకె ఉంటుంది. పక్షికి మాత్రం ఎందుకుండరాదు? 1899లో ఆయన గోరువంకల జాతి పక్షులను పట్టి, వాటి కాళ్లకు తేలికైన అల్యూమినియం కడియాలు తొడిగి వదిలాడు. కడియంమీద అంకె, చిరునామా ఉండేవి. మన దేశంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు 1927లో ఈ పని మొదలుపెట్టారు.

ఈ కడియం ఎంత చెప్పగలదో చూడండి. స్కాట్లండుకు ఉత్తరాన షెట్లండ్ దీవులున్నవి. వాటిలో మూసా అనే లంకమీద సుమారు రెండువేల ఏళ్లనాటి రాతిబురుజు ఉన్నది. దాని రాళ్ల సందుల్లో స్టార్మ్ పెట్రెల్ అనే సముద్రపక్షులు గూళ్లు పెడతాయి. బరువు పాతిక గ్రాములు, అంటే మన పిచ్చుకంత! శత్రుపక్షులకు భయపడి చీకటి పడ్డాకనే గూటికి చేరుతాయి. ఇటువంటి పక్షులను శిక్షణ పొందినవారు రాత్రిపూట సన్నని వలలతో పట్టి, కడియం తొడిగి, తూచి, విడిచిపెడతారు. అవి చలికాలానికి దక్షిణాఫ్రికా సముద్రందాకా పోతాయనీ, కొన్ని ముప్ఫై ఏళ్లకు పైగా బతుకుతాయనీ కడియాలవల్లనే తెలిసింది. ఏడాదికి ఒక్క గుడ్డే పెట్టే పక్షి అన్నేళ్లు బతకకపోతే దాని జాతి నిలుస్తుందా?

ఆ పక్షి మన చెరువుకు రాదు. కాని మన జిల్లాలోనే ఉన్న మంజీర అభయారణ్యానికి తలమీద రెండు నల్లని అడ్డచారలున్న బాతు వస్తుంది. దాన్ని బార్ హెడెడ్ గూస్ అంటారు. ఈదేటప్పుడు దాని కాళ్లు నీళ్లలో ఉంటాయి. కాలి కడియం చదవడం ఎలాగ? అందుచేత మెడకు అంకెలున్న పట్టీ వేస్తారు. మంగోలియాలో అలా పట్టీలు వేసిన బాతులు కర్ణాటక చెరువుల్లో కనిపించాయి. కొన్ని బాతులకు చిన్న యంత్రాలు అమర్చి చూడగా, హిమాలయాలు దాటేటప్పుడు ఒకటి 7,290 మీటర్ల ఎత్తున ఎగిరిందని తేలింది.

అయితే పిల్లలూ, కడియం తొడగడం సగం పనే. రెండో కొసన దాన్ని చదివేవారు ఉండాలి. చదవడానికి పక్షి రావాలి, పక్షి రావడానికి చెరువు ఉండాలి. గూడు మంగోలియాలో ఉన్నా చలికాలపు మేత ఇక్కడిది. ఇక్కడ చెరువు పూడిపోతే అక్కడ పిల్లలను పొదిగే తల్లి బాతుకు ముప్పు.

గట్టుకు వెళ్లినప్పుడు పక్షులను తరమకండి. కడియంగాని మెడపట్టీగాని కనిపిస్తే దాని రంగు, అంకె, చోటు, తేదీ రాసుకుని, పెద్దలచేత బొంబాయి సొసైటీకి తెలియజేయించండి. చనిపోయిన పక్షి కనిపిస్తే చేత్తో ముట్టవద్దు. మీరు రాసే ఆ ఒక్క అంకెతో ఎక్కడో తెరిచిన హాజరుపట్టీలో ఒక పక్షి పేరు ఎదుట "వచ్చింది" అని పడుతుంది.