మా యింటి యాంటెన్నా

మేము అమెరికాలో టెక్సస్ రాష్ట్రమున, డల్లాసు నగరమునకు ఉత్తరముగా నున్న ప్లేనో పట్టణమున కాపురమున్నాము. 2019వ సంవత్సరపు వేసవిలో మావారి యుద్యోగము పోయినది. ఇంటి వ్యయములలో దేనిని తగ్గింపవచ్చునా యని వెదకుచుండగా, నెలనెలకు చెల్లించు కేబులు టెలివిజను రుసుము కంటబడెను. ఇచ్చటి ముఖ్యమైన స్టేషనుల ప్రసారములు గాలిలో వెల లేకయే వచ్చును. వానిని పట్టుటకు యాంటెన్నా యొక్కటి చాలును. వెంటనే కేబులు మాన్పించితిని.

యాంటెన్నా కొని, వానకు తడియకుండునని అటకమీద పెట్టించితిని. బొమ్మ క్షణకాలము కనబడి, ముక్కలు ముక్కలై నిలిచిపోవుచుండెను. బలము చాలదు కాబోలునని బూస్టరు, అనగా యాంప్లిఫయరు, తెచ్చితిని. ఫలము లేదు. అంతకన్న బలమైనది మఱియొకటి తెచ్చితిని. అదియు నంతే. మిగుల్చుకొనదలచిన సొమ్ములో కొంత ఈ విధముగా పోయినదని మావారితో చెప్పుటకు సిగ్గుపడితిని.

ఒకనాడు మా అత్తగారు నిచ్చెన దగ్గఱ నిలిచి అటకలోనికి తొంగిచూచి యిట్లనిరి.

“అమ్మాయీ, కప్పు లోపల ఆ మెరిసే రేకేమిటి?”

“ఎండవేడి దిగకుండా అతికించిన అల్యూమినియం రేకు, అత్తయ్యగారూ.”

“మూత పెట్టిన గిన్నెలో నీళ్లు పోస్తే నిండుతుందా? మన ఊళ్లో మీ మామగారు డాబా ఎక్కి కడ్డీ తిప్పుతూ ‘వచ్చిందా?’ అని కేకవేసేవారు. నేను కిందనుంచి ‘ఇంకొంచెం తూర్పుకి!’ అనేదాన్ని. ముందు చోటూ దిక్కూ చూడు. బూస్టరు తరువాతి మాట.”

నాకు కనులు తెఱచినట్లయ్యెను. లోహపు రేకు ప్రసార తరంగములను అడ్డగించును. యాంటెన్నా గ్రహింపని దానిని యాంప్లిఫయరు పుట్టింపలేదు. వచ్చిన కొలదిపాటి దానితోపాటు రొదను సైతము పెంచును. ప్రసార స్తంభములు మిక్కిలి దగ్గఱగా నున్నచో అధిక బలమే చెఱుపు చేయును.

డల్లాసు స్టేషనుల స్తంభములు సీడర్ హిల్‌లో, మా యింటికి 30 మైళ్లకు పైగా దక్షిణ నైరృతి మూలను ఉన్నవి. మా పేట సంఘమువారు అభ్యంతరము చెప్పుదురేమో యని వెఱచితిని గాని, సొంత యింటిపై యాంటెన్నా పెట్టుకొనుటను వారు నిషేధింపరాదని 1996 నాటి ప్రభుత్వ నిబంధన యున్నదట. కరెంటు తీగలకు దూరముగా, పెరటివైపు గోడ పైభాగమున బిగించి, పనివానిచే భూమికి తీగ వేయించితిమి. దిక్కు కుదిరినంతనే, ఏ బూస్టరును లేకయే, ముందుగదిలో బొమ్మ నిర్మలముగా నిలిచెను.

అత్తగారి గదికి మాత్రము చాలదయ్యెను. తీగను రెండుగా చీల్చిన సగము బలము పోవును. నూఱడుగుల తీగలో సుమారు మూడువంతులు హరించును. కావున ఆ నష్టమునకు ముందే, యాంటెన్నా చెంతనే, మొదటి చిన్న బూస్టరును పెట్టించితిని. దానికిని తగిన చోటు దొరికెను. పెద్దది తిరిగి యిచ్చివేసితిని.

ఆ సంవత్సరము అక్టోబరు 20వ తేదీ రాత్రి ఉత్తర డల్లాసుమీదుగా సుడిగాలి మా పొరుగున నున్న రిచర్డ్‌సన్ వఱకు సాగివచ్చెను. మా యింట ఇంటర్నెట్టు నిలిచిపోయినది. కరెంటు మాత్రము మిగిలినది. ఇంగ్లీషు రాని అత్తగారు తమ గదిలో తెరపై ఎఱ్ఱని గుర్తు మావైపు జరుగుట చూచి, “పిల్లవాణ్ణి తీసుకురా!” యని కేకవేసిరి. అందఱము మెట్లక్రింది చిన్నగదిలో చేరి కూర్చుంటిమి. గాలి మావఱకు రాలేదు.

బాబును ఒడిలో నుంచుకొని, రెండు బూస్టరుల సంగతి ఆ చీకటిలోనే మావారితో చెప్పితిని. ఆయన నవ్విరి. అత్తగారు, “నన్ను ముందే అడగకపోయావా?” యనిరి.

సోదరీమణులారా! బలమును కొనుటకు ముందు దిక్కు చూడుడు. ఇంటనున్న పెద్దలను ఒక్కమాట యడుగుడు.