15 తన్నులు

మన క్లైమాక్స్ ఫైట్ల సంగతి మీకు నేను చెప్పాలా? చావుదెబ్బలు తిన్న హీరో లేస్తాడు, నేల క్లాసు ఈలలేస్తుంది. 2004లో కాలిఫోర్నియాలో, ఈవో వీడియోగేమ్ పోటీల్లో అచ్చంగా అదే జరిగింది.

జపాన్ ఆటగాడు డైగో ఉమెహారా ఆడిస్తున్న కెన్‌కి ప్రాణం చుక్కంత మిగిలింది. మామూలుగా అడ్డుకున్నా ఆ కాస్తా పోతుంది. జస్టిన్ వాంగ్ ఆడిస్తున్న చున్‌లీ వరసగా 15 తన్నులు తన్నింది. తన్ను తగిలే క్షణానికే మీట ముందుకు నొక్కుతూ డైగో అన్నీ కాచుకున్నాడు, ఆఖరిది గాల్లో! వెంటనే తిరగబడి గెలిచాడు. హాలంతా కేకలే.

ఓ పత్రిక నా వ్యాసం తిప్పిపంపిన రాత్రి ఆ వీడియో చూశాను. చెప్పొద్దూ, ఒళ్ళు పులకరించింది. తీరా తెలిసిందేమిటంటే, ఆ తర్వాత ఫైనల్లో డైగో ఓడిపోయాడట! ఆ ఫైనల్ ఊసు నా మిత్రులెవరూ ఎత్తరు.

పొద్దున్నే ఆ వ్యాసం మళ్ళీ బయటికి తీశాను. ఎక్కడికి పంపాలో ఇంకా తేల్చుకోలేదు.