గడ్డికి సొరచేపల కాపలా!

సొరచేప గడ్డి తినదు. అయినా సముద్రం అడుగున పచ్చిక బతకాలంటే అది ఉండాల్సిందేనట! పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ బే చెప్పే కథ అదే.

పెర్త్ నగరానికి ఉత్తరాన దాదాపు 800 కిలోమీటర్ల దూరంలో ఉందీ అఖాతం. ఒడ్డున ఎర్రమట్టి కొండచరియలు, కింద అడుగు కనిపించేంత తేటనీళ్లు. 1699లో వచ్చిన ఆంగ్లేయ నావికుడు విలియం డాంపియర్ దీనికి సొరచేపల పేరే పెట్టాడు. ఆయన సిబ్బంది వాటిని పట్టుకుని ఇష్టంగా తిన్నారు కూడా. కానీ ఇక్కడి అసలు సంపద నీళ్లలో వేల చదరపు కిలోమీటర్ల మేర పరచుకున్న గడ్డి. చేపపిల్లలకూ రొయ్యలకూ అదే ఇల్లు. 1991లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ పచ్చికను మేసేవి సముద్రపు ఆవులు, పచ్చ తాబేళ్లు. సముద్రపు ఆవు మూతిని ఇసుకలోకి దూర్చి గడ్డిని వేళ్లతో సహా పెకలించి తింటుంది. తల కిందికి పెడితే వెనకొచ్చే శత్రువు కనిపించదు. అందుకే ఎండాకాలంలో పులిసొరలు ఎక్కువగా తిరిగేటప్పుడు అవి తవ్వడం తగ్గించి, పైపైన ఆకులు కొరుక్కుంటాయి. తప్పించుకునే వీలున్న లోతునీటి అంచులకు జరుగుతాయి. బలంగా ఉన్న తాబేళ్లదీ అదే దారి. బక్కచిక్కినవి మాత్రం ఆకలికి తాళలేక ప్రాణాలకు తెగించి మంచి మేత ఉన్నచోటికే వెళ్తాయి. మంచె మీద మనిషి ఉంటే పిట్టలు చేలో వాలడానికి జంకినట్టే... సొర వేటాడకపోయినా దాని భయమే చాలు, గడ్డి మిగులుతుంది.

ఆ కాపలా విలువ 2011 తర్వాత మరింత బాగా తెలిసింది. ఆ ఏడాది సముద్రం విపరీతంగా వేడెక్కి ఇక్కడి గడ్డి పెద్దఎత్తున చచ్చిపోయింది. మిగిలింది కోలుకోవాలంటే సొరచేపల అవసరం ఎంత? అది తేల్చడానికి పరిశోధకులు నీళ్లలోకి దిగి, సముద్రపు ఆవుల్లా తామే గడ్డిని పెకలించారు. ఏపుగా పెరిగే ప్రధాన రకం అక్కడ ఇంకా క్షీణించింది. 2021లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. ఎండదెబ్బ తిన్న పచ్చికకు కాపలా కూడా పోతే కోలుకోవడం కష్టమని వాళ్లు తేల్చారు.

అదే 2021లో మరో అధ్యయనం వచ్చింది. నడిసముద్రంలో తిరిగే సొర, టేకు చేపలు 1970 నుంచి దాదాపు 71 శాతం తగ్గాయన్నది దాని సారాంశం. ప్రధాన కారణం మితిమీరిన వేట.

షార్క్ బేలో మాత్రం పులిసొరలు ఇంకా తిరుగుతున్నాయి. మంకీ మియా తీరంలో పడవెక్కే పర్యటకులకు అదృష్టం బాగుంటే సముద్రపు ఆవుల మందలు కనిపిస్తాయి. అవి ఆకులు కొరుక్కుంటూ అంచుల్లోనే ఆగిపోతే, దగ్గర్లో ఎక్కడో కాపలాదారు ఉండే ఉంటాడు!